ఫామికామ్, ఎన్ఈఎస్: బోర్డుల చరిత్ర, ఆ డిజైన్ల వల్ల ఇప్పుడొస్తున్న తంటాలు

#1 క్యాసెట్_కిట్టయ్య

నింటెండో గేమ్ కన్సోల్ ఫామికామ్ (బయటి దేశాల్లో ఎన్ఈఎస్) చరిత్ర అనగానే మారియో, జెల్డా, 6 కోట్ల 19 లక్షల అమ్మకాలు. ఎక్కడ చూసినా ఇదే పాట. ఇక్కడ అది వద్దు. ఏ ఏడాది బోర్డు మీద ఏం మారింది, ఎందుకు మారింది, దానివల్ల ఇప్పుడు ఏది చెడుతోంది, ఎలా బాగుచేయాలి, ఇవే రాద్దాం.

మొదలు నేను పెడతా. 1983 జులై 15న జపాన్‌లో ఫామికామ్ వచ్చింది. ధర 14,800 యెన్‌లు. డిజైన్‌కి పెద్ద మసాయుకి ఉఎమురా. చవగ్గా ఉండాలన్నది కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి పట్టు, దాని గుర్తులు పెట్టె నిండా కనిపిస్తాయి. కంట్రోలర్లకి ప్లగ్గులు లేవు, వైర్లు నేరుగా లోపలి బోర్డుకే. రెండో కంట్రోలర్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు లేవు, వాటి బదులు చిన్న మైకు. టీవీకి వెళ్లేది ఆర్ఎఫ్ (యాంటెన్నా సిగ్నల్) ఒక్కటే, అదీ జపాన్ 1, 2 ఛానెళ్లలో, అంటే 91.25, 97.25 మెగాహెర్ట్జ్. బయటి దేశాల టీవీల్లో ఆ ఛానెళ్లు అక్కడ ఉండవు కాబట్టి "కన్సోల్ చచ్చిపోయింది" అనుకుని పక్కన పడేసినవి చాలానే ఉంటాయి. ట్యూనింగ్ చూడకుండా పెట్టె విప్పకండి.

తొలి బ్యాచ్‌లలో బటన్లు చతురస్రంగా, మెత్తని రబ్బరుతో ఉండేవి. నొక్కితే అంచులో ఇరుక్కుపోయేవి. తర్వాత గుండ్రటి గట్టి ప్లాస్టిక్‌కి మార్చారు. చిప్ లోపంతో ఆట మధ్యలో ఆగిపోతుంటే నింటెండో ఆ పెట్టెలు వెనక్కి తీసుకుని మదర్‌బోర్డు మార్చి మళ్లీ అమ్మింది. చతురస్ర బటన్లది కొనేవాళ్లు లోపల ఏ బోర్డు ఉందో చూసి మరీ ధర మాట్లాడేది అందుకే.

#2 ఆరైదు_సున్నారెండు

చిప్‌ల సంగతి నేను రాస్తా.

సీపీయూ రికో వాళ్ల 2ఏ03. లోపల 6502 అనే ప్రాసెసర్ కోరే, కానీ డెసిమల్ మోడ్ (నేరుగా పదుల్లో లెక్క చేసే పద్ధతి) పనిచేయదు. సౌండ్ కూడా అదే చిప్‌లో: రెండు పల్స్ ఛానెళ్లు, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, రికార్డు చేసిన శబ్దాలకి ఒక డీపీసీఎం. స్పీడు 1.79 మెగాహెర్ట్జ్, 21.477 క్రిస్టల్‌ని 12తో భాగిస్తే వచ్చేది. డెసిమల్ మోడ్ లేకపోవడం వల్లే చాలా ఆటల్లో స్కోరుని అంకెకో బైట్ చొప్పున దాస్తారు. బైనరీని పదుల్లోకి మార్చే బాధ తప్పుతుంది.

బొమ్మ గీసేది 2సీ02, అందరూ పీపీయూ అంటారు. 256×240 తెర. వర్క్ ర్యామ్ 2 కేబీ, వీడియో ర్యామ్ ఇంకో 2 కేబీ. స్ప్రైట్లు (తెర మీద కదిలే చిన్న బొమ్మలు) మొత్తం 64, ఒక అడ్డగీతలో 8కి మించి రావు. తొమ్మిదోది అసలు గీయదు. అందుకని ప్రోగ్రామర్లు ప్రతి ఫ్రేమ్‌కీ స్ప్రైట్ల వరస మార్చేవాళ్లు. ఒకటి పూర్తిగా మాయమయ్యే బదులు అన్నీ కాస్త కాస్త మిణుకుతాయి. ఇది రిపేర్ కాదండీ. "శత్రువులు ఎక్కువైతే బొమ్మ అదురుతోంది, ఏ కెపాసిటర్ మార్చాలి" అని అడిగేవాళ్లకి సమాధానం: ఏదీ మార్చక్కర్లేదు.

#3 కొత్తగా_చేరా

అన్నలూ, నాది ప్రాథమిక ప్రశ్న. అమెరికా మోడల్ ఎన్ఈఎస్, ముందు తలుపు తీసి క్యాసెట్ లోపలికి తోసేది. పవర్ నొక్కితే ఎర్ర లైటు సెకనుకోసారి వెలిగి ఆరుతుంది, తెర కూడా దాంతోపాటే. అడాప్టర్ పోయినట్టా?

#4 టంకం_రాజు

అడాప్టర్ కాదు. అడాప్టర్ పోతే లైటే వెలగదు, లేదా మసగ్గా వెలుగుతుంది. లెక్కపెట్టినట్టు సెకనుకోసారి ఆరుతోందంటే లోపల ఒక చిప్ కావాలనే రీసెట్ కొడుతోంది. లాకౌట్ చిప్, సీఐసీ. క్యాసెట్‌లో దాని జోడీ చిప్ ఉంటుంది. రెండూ ఒకే ప్రోగ్రామ్ నడుపుతూ ఒకదానికొకటి బిట్లు పంపుకుంటాయి. లెక్క తప్పితే కన్సోల్ వైపు చిప్ సీపీయూని, పీపీయూని రీసెట్‌లో పెడుతుంది. మళ్లీ వదిలి చూస్తుంది, మళ్లీ కుదరదు. ఆ మిణుకు అదే.

లక్షణాన్ని బట్టి చూడండి:

లైటు మిణుకుతోంది: సీఐసీల మధ్య మాట కలవట్లేదు. నూటికి తొంభై కనెక్టర్ మురికే, చిప్ కాదు.

లైటు నిలకడగా ఉంది, తెర మొత్తం ఒకే రంగు: సీఐసీ ఒప్పుకుంది, కానీ సీపీయూకి ప్రోగ్రామ్ సరిగా అందట్లేదు. ప్రోగ్రామ్ రామ్ వైపు పిన్నులు చూడండి.

ఆట నడుస్తోంది, సౌండ్ సరిగ్గా ఉంది, బొమ్మలు మాత్రం చిందరవందర: బొమ్మల రామ్ వైపు పిన్నులు.

ఏ క్యాసెట్ పెట్టినా అచ్చం ఒకేలా చెత్త వస్తోంది, కనెక్టర్ కొత్తది: అప్పుడే బోర్డు మీద చిప్‌ల గురించి ఆలోచించాలి. అంతకుముందు వద్దు.

#5 ఆరైదు_సున్నారెండు

చిన్న సవరణ రాజు గారూ, చదివేవాళ్లు తికమకపడతారు. ర్యామ్ కాదు, రోమ్ (రాసింది మారని మెమరీ). ప్రోగ్రామ్ రోమ్, బొమ్మల రోమ్. కొన్ని క్యాసెట్లలో బొమ్మలకి నిజంగానే ర్యామ్ ఉంటుంది కాబట్టి తేడా ముఖ్యం.

#6 టంకం_రాజు

నిజమే, వేలు జారింది. రోమ్ అని చదువుకోండి.

#7 పిక్సెల్_పంతులు

అసలు ఈ తోసే పద్ధతి ఎందుకొచ్చిందో చెప్తే కనెక్టర్ గోల అర్థమవుతుంది.

1983లో అమెరికాలో వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. దుకాణదారులు "గేమ్ కన్సోల్" అన్న మాట వింటేనే మొహం తిప్పుకునే రోజులు. 1985 అక్టోబరులో నింటెండో న్యూయార్క్‌లో పరీక్షగా అమ్మకం మొదలుపెట్టింది, 1986లో దేశమంతా. నింటెండో డిజైనర్ లాన్స్ బార్ చేసిన కొత్త పెట్టె వీసీఆర్‌లా ఉంటుంది: బూడిద రంగు, ముందు తలుపు, క్యాసెట్ లోపలికెళ్లి కిందికి దిగడం. పక్కన రాబ్ అనే బొమ్మ రోబోని పెట్టారు. దీన్ని గేమ్ యంత్రం అనుకోకుండా ఆటవస్తువు అనుకోవాలని.

ఫామికామ్‌లో క్యాసెట్ పైనుంచి నిలువుగా దిగుతుంది, పిన్నులు రెండువైపులా సమానంగా పట్టుకుంటాయి. ఎన్ఈఎస్‌లో క్యాసెట్ వదులుగా లోపలికి జారి, కిందికి నొక్కాక కోణం మారి, అప్పుడు పిన్నులు పట్టుకోవాలి. పేరుకి "జీరో ఇన్సర్షన్ ఫోర్స్". దిగిన క్యాసెట్ స్ప్రింగుల్ని ఎప్పుడూ ఒక పక్కకే వంచుతుంది. ఏళ్ల తరబడి వంగీ వంగీ స్ప్రింగు సత్తువ పోతుంది. దానికి తోడు 1990 నాటి గేమ్ జీనీ చీట్ పరికరం. దాని బోర్డు మామూలు క్యాసెట్ బోర్డుకంటే మందం. అది దూర్చి వాడిన కన్సోల్‌లో పిన్నులు ఇంకా విచ్చుకుపోయి ఉంటాయి.

ఫామికామ్‌లో సీఐసీ లేనే లేదు. కాబట్టి అక్కడ మురికి పట్టినా లైటు మిణకదు. వీసీఆర్ వేషం, తాళం చిప్ రెండూ ఒకే పెట్టెలో చేరాకే ఈ రోగం పుట్టింది.

#8 కొత్తగా_చేరా

మరి క్యాసెట్‌లోకి ఊదితే పనిచేస్తుందిగా?

#9 రాస్టర్_రమణి

పనిచేసేది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. పెట్టినప్పుడల్లా పిన్ను కొత్తచోట తగులుతుంది, పైపొర కాస్త గీరుకుంటుంది. ఊపిరి తేమ రాగి మీద పచ్చగా పడుతుంది. ఈసారి ఊదకుండా మూడుసార్లు తీసి పెట్టి చూడండి, ఫలితం అదే.

#10 టంకం_రాజు

పద్ధతి రాస్తున్నా. ముందు క్యాసెట్లు, తర్వాతే కన్సోల్. మురికి క్యాసెట్ పెడితే శుభ్రం చేసిన కనెక్టర్ అయిదు నిమిషాల్లో మొదటికొస్తుంది.

క్యాసెట్: తొలినాటివి అయిదు స్క్రూలవి, మామూలు చదును గాడి స్క్రూడ్రైవర్‌తో వస్తాయి. తర్వాతివి మూడు స్క్రూలవి, 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి. 90 శాతం పైన ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, పిన్నుల పొడవునా తోయండి, అడ్డంగా రుద్దకండి. పుల్ల నల్లబడటం ఆగేదాకా మార్చుతూ ఉండండి. నల్లమచ్చ పోకపోతే తెల్ల పెన్సిల్ రబ్బరు, చాలా తేలిగ్గా. ఇసుక కాగితం వద్దు. బంగారు పూత లేచిపోయిందంటే ఆ క్యాసెట్‌కి ఇక ప్రతి నెలా ఇదే పని.

కన్సోల్: బోర్లించి అడుగున 6 ప్లస్ స్క్రూలు. పై మూత లేస్తుంది. లోపల రేకు కవచం తీయండి. క్యాసెట్ ట్రేకి 6 స్క్రూలు, వాటిలో రెండు పొడుగువి. ఎక్కడివి అక్కడే పెట్టుకోండి, తారుమారైతే ట్రే బిగియదు. బోర్డు మెల్లగా ఎత్తి ట్రేని ముందుకి జరిపి తీయండి. ఇప్పుడు 72 పిన్నుల కనెక్టర్ బోర్డు అంచుని పట్టుకుని కనిపిస్తుంది. టంకం ఏమీ లేదు, రెండు చేతులతో సమానంగా వెనక్కి లాగితే వచ్చేస్తుంది.

అందరూ మర్చిపోయేది ఇక్కడే: కనెక్టర్‌కి రెండు ముఖాలు. ఒకటి క్యాసెట్‌ని పట్టేది, రెండోది మదర్‌బోర్డు అంచుని పట్టేది. ఆ రెండోవైపు 1986 నుంచి ఎవరూ ముట్టుకోని ఆక్సైడ్ ఉంటుంది. బోర్డు అంచు పిన్నులు కూడా ఆల్కహాల్‌తో తుడవండి.

తర్వాత కనెక్టర్‌ని మరుగుతున్న నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు. తీసి, శుభ్రమైన క్యాసెట్‌ని పదిసార్లు దూర్చి తీయండి, మళ్లీ ఉడికించండి. నీళ్ల రంగు మారుతుంది, కంగారు పడకండి. దులిపి, గాలికి ఒక రోజంతా ఆరనివ్వాలి. సందుల్లో తడి ఉండగా పవర్ ఇవ్వొద్దు.

#11 రాస్టర్_రమణి

ఉడికించడం గురించి నా అభ్యంతరం: అది మురికిని తీస్తుంది, స్ప్రింగుకి సత్తువ ఇవ్వదు. మురికి కేసుల్లో అద్భుతం, వదులు కేసుల్లో వేడినీళ్ల స్నానం మాత్రమే. తేడా కనుక్కోవడం తేలిక. శుభ్రమైన క్యాసెట్ పెట్టి కిందికి నొక్కకుండా మెల్లగా లాగండి. ఏ పట్టూ లేకుండా జారిపోతే పిన్నులు విచ్చుకున్నట్టు.

అప్పుడు రెండు దారులు. ఒకటి, సన్నని సూదితో కింది వరస పిన్నుల్ని ఒక్కోటీ వెంట్రుకవాసి పైకి లేపడం. 36 పిన్నులూ ఒకే ఎత్తులోకి రావాలి. ఒకటి ఎక్కువ లేచిందంటే అది క్యాసెట్ బంగారాన్ని గీకుతుంది, పక్కదాన్ని తాకితే షార్ట్. రెండోది కొత్త కనెక్టర్. చవక వాటికి పట్టు మరీ ఎక్కువ, క్యాసెట్ తీయాలంటే కన్సోల్ కూడా లేస్తుంది. పిన్ను పూత కూడా నాసిరకం. నా ఓటు అసలు కనెక్టర్‌ని బాగుచేయడానికే. పిన్ను విరిగితేనే కొత్తది.

#12 టంకం_రాజు

ఒప్పుకుంటా. నేను రాసిన వరస మురికికే. వదులుకి మీ సూది పద్ధతి. కాకపోతే చేయి వణికేవాళ్లు సూది జోలికి పోకపోవడమే మేలు.

#13 పిక్సెల్_పంతులు

తాళం చిప్‌కి సంబంధించిన కోర్టు కథ కొంచెం.

చిప్‌లోని ప్రోగ్రామ్ పేరు 10ఎన్ఈఎస్. క్యాసెట్ల తయారీ నింటెండో చేతిలోనే ఉండేది, అమెరికాలో ఒక్కో ప్రచురణ సంస్థకి ఏడాదికి 5 ఆటలే అనుమతి. కొనామీ అనే గేమ్ కంపెనీ అల్ట్రా అన్న ఇంకో పేరు పెట్టుకుని ఆ లెక్కని దాటింది. అటారీ గేమ్స్ వేరే దారి పట్టింది. కోర్టు కేసు నడుస్తోందని అబద్ధం చెప్పి అమెరికా కాపీరైట్ ఆఫీసు నుంచి 10ఎన్ఈఎస్ కోడ్ ప్రతి తెప్పించుకుంది. దాని సాయంతో సొంత చిప్ చేసి టెంజెన్ పేరుతో నల్ల క్యాసెట్లు అమ్మింది. 1992లో అప్పీల్ కోర్టు ఈ విషయంలో నింటెండో వైపే నిలిచింది. ఆ తీర్పులో గమ్మత్తు ఒకటుంది: చట్టబద్ధంగా చేతికొచ్చిన చిప్‌ని విప్పి పని తెలుసుకోవడం న్యాయమైన వాడకమే కావచ్చని అందులోనే చెప్పారు. అటారీకి దెబ్బ తగిలింది ఆ ప్రతి సంపాదించిన తీరు దగ్గర, నకలు అవసరానికి మించి ఉండటం దగ్గర.

ఇంకొందరు మొరటు దారి ఎంచుకున్నారు. క్యాసెట్‌లోంచి సీఐసీ పిన్ను మీదకి నెగటివ్ వోల్టేజీ దెబ్బ కొట్టడం. చిప్ మతి తప్పి రీసెట్ కొట్టడం మానేస్తుంది. నింటెండో తర్వాతి బోర్డుల్లో దానికి అడ్డు పెట్టింది. అందుకే కొన్ని అనధికార క్యాసెట్లు ఒక ఎన్ఈఎస్‌లో ఆడి, పక్క ఎన్ఈఎస్‌లో ఆడవు. క్యాసెట్ తప్పు కాదు, బోర్డు రివిజన్ తేడా.

#14 కొత్తగా_చేరా

సీఐసీ పిన్ను కోసేస్తే గొడవ వదులుతుందని విన్నా. ఏది కోయాలి?

#15 టంకం_రాజు

నాలుగో పిన్ను. చిప్ మీద అమెరికా మోడల్లో 3193, యూరప్ మోడళ్లలో 3195 లేదా 3197 అని ఉంటుంది, 16 కాళ్లది. సగం చంద్రుడి గాటు పైకి పెట్టుకుంటే ఎడమవైపు పైనుంచి నాలుగోది. ఆ పిన్నే చిప్‌కి "నువ్వు తాళానివి" అని చెప్పేది. దాని వోల్టేజీ సున్నాకి పోతే చిప్ తనని తాను తాళంచెవి అనుకుని రీసెట్ కొట్టే పని మానుకుంటుంది.

కోయకండి. టంకం కరిగించి పిన్నుని పైకి లేపండి, ఎప్పుడైనా వెనక్కి పెట్టుకోవచ్చు. లేపి వదిలేస్తే చాలా బోర్డుల్లో నడుస్తుంది, కానీ గాల్లో వేలాడే పిన్ను ఎప్పుడు ఎటు తూగుతుందో చెప్పలేం. సన్నని వైరుతో గ్రౌండ్‌కి కలపండి. ఐరన్ 350 డిగ్రీలు, ఒక్కో పిన్ను మీద మూడు సెకన్లకి మించొద్దు. లేకపోతే బోర్డు మీది రాగి ప్యాడ్ లేస్తుంది.

ఒక హెచ్చరిక: ఇది కనెక్టర్‌కి మందు కాదు. మురికి అలాగే ఉంటే మిణుకు పోయి దాని స్థానంలో ఒకే రంగు తెర వస్తుంది. ముందు కనెక్టర్, తర్వాతే ఇది.

#16 ఆరైదు_సున్నారెండు

ఈ పని చేశాక వేరే ప్రాంతం క్యాసెట్లు కూడా లోడవుతాయి, కానీ టైమింగ్ మారదు. ఎన్టీఎస్సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) పెట్టె సెకనుకి 60.1 ఫ్రేములు, 262 లైన్లు. పాల్ (యూరప్ టీవీ పద్ధతి) పెట్టె 50 ఫ్రేములు, 312 లైన్లు. పాల్ సీపీయూ 2ఏ07 వేగం 1.66 మెగాహెర్ట్జ్. ఎన్టీఎస్సీలో ఒక సీపీయూ సైకిల్‌కి పీపీయూ సరిగ్గా 3 చుక్కలు గీస్తుంది, పాల్‌లో 3.2. తెర మధ్యలో స్క్రోల్ మార్చే ఆటలు ఈ లెక్క మీదే ఆధారపడతాయి. అందుకే ప్రాంతం దాటాక స్కోరు పట్టీ కింద గీత అదురుతుంది. ఎన్టీఎస్సీ ఆట పాల్‌లో ఆరో వంతు నెమ్మదిస్తుంది, పాట కూడా.

#17 మ్యాపర్_మామ

60 పిన్నులు 72 ఎలా అయ్యాయో ఎవరూ రాయలేదు. అదనపు 12 మొత్తం సీఐసీకే అని చాలామంది అనుకుంటారు, కాదు. ఫామికామ్ 60లోంచి 2 తీసేశారు. సీఐసీకి 4 కలిపారు. ఇంకో 10 కన్సోల్ అడుగున ఉన్న విస్తరణ పోర్టుకి నేరుగా వెళ్తాయి. 58 ప్లస్ 14, మొత్తం 72.

తీసేసిన ఆ రెండూ సౌండువి. ఫామికామ్‌లో సౌండ్ సీపీయూ నుంచి 45వ పిన్ను ద్వారా క్యాసెట్‌లోకి వెళ్లి, 46 ద్వారా తిరిగొచ్చి టీవీకి పోతుంది. అంటే క్యాసెట్ తన సొంత సౌండ్ చిప్‌ని కలపొచ్చు. కొనామీ వీఆర్‌సీ6 అలాంటిదే, ఇంకో రెండు పల్స్, ఒక సాటూత్ ఛానెల్ ఇస్తుంది. 1989 నాటి "అకుమజో డెన్సెట్సు" జపాన్ క్యాసెట్‌లో ఉన్నది అదే. అదే ఆట అమెరికాలో "క్యాసిల్‌వేనియా 3"గా వచ్చినప్పుడు నింటెండో వాళ్ల ఎంఎంసీ5 చిప్ ఉన్న బోర్డు మీద వచ్చింది, పాటలు అయిదు ఛానెళ్లలో సర్దుకోవాల్సి వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి వినండి, బేస్ దగ్గర తేడా చెవికి తగులుతుంది.

ఇంకో పరిణామం: ఫామికామ్‌లో ఆట నడుస్తోంది, సౌండ్ మాత్రం అసలు లేదంటే టీవీని తిట్టకముందు 45, 46 పిన్నులు తుడవండి. సౌండ్ క్యాసెట్ గుండా తిరిగి రావాలి కదా. ఎన్ఈఎస్‌లో ఈ జబ్బు రాదు.

ఎన్ఈఎస్‌లో అదనపు సౌండ్ వినాలనుకునే ఫ్లాష్ క్యాసెట్ (ఆటలు మనమే ఎక్కించుకునేది) వాళ్లకి: అడుగు విస్తరణ పోర్టులో 3, 9 పిన్నుల మధ్య 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్. విలువ తగ్గితే అదనపు ఛానెళ్లు మామూలు సౌండ్‌ని మింగేస్తాయి.

#18 కొత్తగా_చేరా

మ్యాపర్ అంటే ఏంటి మామా?

#19 మ్యాపర్_మామ

సీపీయూకి క్యాసెట్ వైపు ఒకేసారి కనిపించే ప్రోగ్రామ్ 32 కేబీ, పీపీయూకి బొమ్మలు 8 కేబీ. 1985 సెప్టెంబరు 13 నాటి "సూపర్ మారియో బ్రదర్స్" సరిగ్గా అంతే, మొత్తం 40 కేబీ. అంతకంటే పెద్ద ఆట కావాలంటే క్యాసెట్‌లో ఒక చిప్ ఉండి, పుస్తకం పేజీలు తిప్పినట్టు రోమ్ ముక్కల్ని మార్చి చూపించాలి. అదే మ్యాపర్. "మారియో 3" 384 కేబీ, ఎంఎంసీ3 చిప్ మీద. ఆ చిప్ లైన్లు లెక్కపెట్టి సరిగ్గా ఫలానా లైను దగ్గర సీపీయూని తడుతుంది. కింద స్కోరు పట్టీ కదలకుండా నిలబడేది దానివల్లే. ఫామికామ్ అన్నేళ్లు బతికిందంటే పెట్టె గొప్ప కాదు, క్యాసెట్ గొప్ప.

#20 క్యాసెట్_కిట్టయ్య

ఫామికామ్‌కి తగిలించే డిస్క్ సిస్టమ్ వదిలేస్తే ఎలా. 1986 ఫిబ్రవరి 21, ధర 15,000 యెన్‌లు, తోడుగా వచ్చిన ఆట జెల్డా. డిస్కు రెండు వైపులూ కలిపి 112 కేబీ. అప్పటి క్యాసెట్ కంటే పెద్దది, సేవ్ చేసుకోవచ్చు, దుకాణంలో యంత్రం దగ్గర 500 యెన్‌లకి కొత్త ఆట రాయించుకునేవాళ్లు. రెండేళ్లలో రోమ్‌లు చవకై క్యాసెట్లే దాన్ని దాటేశాయి.

డ్రైవ్ మిత్సుమీ వాళ్ల క్విక్ డిస్క్ జాతి. మామూలు ఫ్లాపీలా వలయాలు ఉండవు, గ్రామఫోన్ రికార్డులా ఒకటే చుట్ట. హెడ్ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో చదివి, టక్కుమని వెనక్కొస్తుంది. తిప్పేదీ హెడ్ జరిపేదీ ఒకే మోటారు, మధ్యలో రబ్బరు బెల్టు.

ఆ బెల్టే ఈ పరికరానికి యముడు. పాత బెల్టు తారులా కరిగి కప్పీకి అంటుకుపోతుంది. ఆల్కహాల్‌తో పూర్తిగా గీకి తుడవాలి, మరక ఉన్నా కొత్త బెల్టు జారుతుంది. బెల్టు మారిస్తే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. హెడ్ మొదలయ్యే చోటుకీ డిస్కు ఇరుసుకీ ఉన్న పొందిక తప్పి ఉంటుంది. ఇరుసు స్క్రూ వదులు చేసి, కొద్దికొద్దిగా తిప్పి, బిగించి, ప్రతిసారీ డిస్కు పెట్టి చూడాలి. ఓపిక లేకపోతే మొదలుపెట్టకండి.

ఎర్రర్ నంబర్లు: 01 డిస్కు లేదు, 02 పవర్ లేదు, 07 తప్పు వైపు పెట్టారు. 20ల్లో వచ్చేవి చదవడంలో తేడాలు, అంటే బెల్టు, పొందిక, లేదా డిస్కు మీద బూజు. పసుపు డిస్కులకి షట్టర్ లేదు, వేలు తగిలితే అంతే. 02 వస్తే డ్రైవ్ విప్పకముందు లోపలి 6 సీ-సైజు బ్యాటరీలు చూడండి. ఇది ఫామికామ్ నుంచి కరెంటు తీసుకోదు.

#21 పిక్సెల్_పంతులు

జెల్డాలో చిన్న తమాషా. పెద్ద చెవుల "పోల్స్ వాయిస్" అనే శత్రువు ఫామికామ్‌లో రెండో కంట్రోలర్ మైకులో అరిస్తే చస్తుంది. ఎన్ఈఎస్‌కి మైకు లేదు, అక్కడ బాణం వేయాలి. కానీ ఇంగ్లీషు మాన్యువల్లో దానికి పెద్ద శబ్దం పడదన్న మాట అలాగే ఉండిపోయింది. పాపం పిల్లలు ఆటలోని వేణువు ఊదీ ఊదీ విసిగిపోయి ఉంటారు.

#22 టంకం_రాజు

అడాప్టర్ గురించి ఇది పిన్ చేయండి దయచేసి.

ఎన్ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, 1.3 ఆంపియర్లు. లోపల బ్రిడ్జి రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది) ఉంది కాబట్టి డీసీ ఇచ్చినా, ఏ పోలారిటీ అయినా నడుస్తుంది.

ఫామికామ్‌ది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు, మధ్య పిన్ను నెగటివ్. లోపల బ్రిడ్జి లేదు. ఎన్ఈఎస్ అడాప్టర్ ఫామికామ్‌కి పెడితే ఏసీ నేరుగా 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్ మీద, కెపాసిటర్ మీద పడుతుంది. పొగ ఖాయం.

రెండింట్లోనూ 7805 తర్వాత కొలత 5 వోల్టులు రావాలి. 4.75 కిందికి దిగితే ఆట మధ్యలో ఆగడం మొదలు. ఎన్ఈఎస్‌లో ముందు 25 వోల్టుల 2200 మైక్రోఫారడ్ పెద్ద కెపాసిటర్ అనుమానించండి. తెర మీద లావుపాటి అడ్డపట్టీ నెమ్మదిగా పైకి పాకుతూ, స్పీకర్లో బుయ్‌మని శబ్దం వస్తుంటే అదే.

#23 రాస్టర్_రమణి

1993లో రెండు కొత్త పెట్టెలు వచ్చాయి, పైకి కవలలు, లోపల వేరు. అమెరికాది 49.99 డాలర్ల టాప్ లోడర్: క్యాసెట్ పైనుంచి, సీఐసీ తీసేశారు, మిణుకు జబ్బుకి శాశ్వత మందు. కానీ ఆర్ఎఫ్ తప్ప ఏమీ లేదు, బొమ్మ మీద నిలువు గీతలు. జపాన్‌ది ఏవీ ఫామికామ్: కాంపోజిట్ వీడియో, విడదీసే కంట్రోలర్లు. దీంట్లో మైకు పోయింది.

నిలువు గీతలకి మూలం పీపీయూ 21వ పిన్ను నుంచి బయల్దేరే వీడియో దారి. పక్కనున్న డిజిటల్ గీతల రొద అందులోకి దూకుతుంది. ఆ పిన్నుని బోర్డు నుంచి లేపి, చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ని పక్కనే పెట్టి, పొట్టి వైరుతో బయటికి తీయండి. వైరు పొడుగైతే చేసిన పని వృథా. ఆర్‌జీబీ కావాలంటే 2సీ02 లోపల అది తయారే కాదు. 2సీ03 చిప్ పెట్టడమో, ఎన్ఈఎస్ఆర్‌జీబీ లాంటి బోర్డు వేయడమో చేయాలి. రెంటికీ 40 కాళ్ల పీపీయూని ఊడదీయాలి. టంకం లాగే పంపు గన్ లేకుండా, టంకం పీల్చే రాగి జడతో ప్రయత్నించకండి.

#24 కొత్తగా_చేరా

ఆఖరి రెండు. జాపర్ తుపాకీ ఎల్ఈడీ టీవీలో ఎందుకు పేలదు? బంగారు రంగు జెల్డా క్యాసెట్‌లో సేవ్ నిలవట్లేదు, ఏం చేయాలి?

#25 ఆరైదు_సున్నారెండు

ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక ఫ్రేమ్ తెరంతా నల్లగా, తర్వాతి ఫ్రేమ్‌లో గురి చోట తెల్ల డబ్బా గీస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ క్షణంలో వెలుగు చూడాలి. ఎల్ఈడీ టీవీ బొమ్మని కొన్ని ఫ్రేములు ఆలస్యంగా చూపిస్తుంది, అప్పటికి ఆట చూడటం మానేసింది. పైగా సెన్సర్ దగ్గరి సర్క్యూట్ పిక్చర్ ట్యూబ్ లైన్ల వేగానికి, అంటే 15 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో కొట్టుకునే వెలుగుకే స్పందిస్తుంది. ట్యూబు టీవీ తప్ప దారి లేదు.

#26 మ్యాపర్_మామ

సేవ్ ఉండేది 8 కేబీ ఎస్‌ర్యామ్ అనే మెమరీలో, దాన్ని బతికించేది బోర్డుకి టంకం వేసిన సీఆర్2032. మల్టీమీటర్ పెట్టండి. కొత్తది 3 వోల్టుల పైన ఉంటుంది, 2.5 దగ్గరైతే మార్చే సమయం వచ్చినట్టే. చెవులున్న బ్యాటరీ కొనండి. చెవులు లేనిదాని మీద నేరుగా ఐరన్ పెడితే లిథియం సెల్ పేలొచ్చు. ప్లస్ ఎటుందో ఫోటో తీసుకుని పాతది విప్పండి. విప్పగానే ఉన్న సేవ్ పోతుంది, కాబట్టి కావాలంటే ముందే క్యాసెట్ రీడర్‌తో తీసి దాచుకోండి.

కొత్త బ్యాటరీ వేశాక కూడా సేవ్ చెరిగితే అది బ్యాటరీ కాదు, పవర్ ఆపే పద్ధతి. రీసెట్ నొక్కి పట్టుకుని, అలాగే పవర్ తీయాలి. 5 వోల్టులు పడిపోతున్న ఆ అర క్షణంలో సీపీయూ పిచ్చిగా ఎక్కడో రాస్తుంది, అది ఎస్‌ర్యామ్ మీద పడితే సేవ్ చెడుతుంది. రీసెట్‌లో ఉన్న సీపీయూ రాయదు. ఆట తెర మీద ఆ సూచన ఊరికే పెట్టలేదు.

#27 కొత్తగా_చేరా

బ్యాటరీ 3.02 చూపిస్తోంది. రీసెట్ పట్టుకుని తీస్తే సేవ్ ఉంది. కనెక్టర్ ఆరుతోంది, రేపు బిగిస్తా. ట్రే పొడుగు స్క్రూలు ఏ రంధ్రాలవో మాత్రం గుర్తు లేదు.

#28 టంకం_రాజు

బలవంతంగా బిగించొద్దు. స్క్రూ ఒక్కోటీ రంధ్రంలో నిలబెట్టి చూడండి. అన్నీ ఒకే ఎత్తులో తేలితే సరిపోయినట్టే. పొట్టిది తప్పు చోట పడితే పూర్తిగా మునిగిపోతుంది, పొడుగుది తప్పు చోట పడితే పైకి నిక్కుతుంది.